ఫ్యాక్టరీలు పెరుగుతున్న దేశంలో ఇంధన వాడకం పెరిగితే పర్యావరణం పాడవక తప్పదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పారిశ్రామికీకరణ దారిలో ఉన్న దేశాల మీద మీరు పీజీ ప్రాజెక్టు రాస్తున్నారు. ఇంధన వినియోగం పెరిగితే పర్యావరణం దెబ్బతింటుందని చాలా పేపర్లు చెబుతున్నాయి. సహజ వనరుల దగ్గరికి వచ్చేసరికి ఒక పేపర్ మేలంటుంది, ఇంకొకటి కీడంటుంది. ఏది నమ్మాలి, అసలు ముడి ఎక్కడుంది అని అడిగారు.

నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఇరవై రెండేళ్లుగా ఫ్యాక్టరీల్లో ఇంధన ఆడిట్లు చేస్తున్నాను. బాయిలర్లు, కొలిమిలు, కంప్రెసర్లు, పంపుల మధ్య తిరిగినవాడిగా చెబుతున్నాను. మీ పేపర్లు దేశాన్ని పైనుంచి చూస్తాయి, నేను చిమ్నీ కింద నుంచి చూస్తాను. రెండు చూపులూ కలిపితేనే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

సూటిగా జవాబు: పాడవక తప్పదని ఏమీ లేదు. ఎంత ఇంధనం వాడారన్న దానికంటే, ఏ ఇంధనం కోసం ఎలాంటి యంత్రం నిలబెట్టారన్నది ఎక్కువ తేడా తెస్తుంది. ఆ యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు చాలాసార్లు ఆ దేశపు నేల కింద ఏముంది, దాన్ని ఎంత చౌకగా ఇస్తున్నారు అన్న రెండు విషయాలే తీర్పు చెబుతాయి. ఒకసారి పునాది వేసి నిలబెట్టాక అది ముప్పై నలభై ఏళ్లు అక్కడే ఉంటుంది. సహజ వనరు మేలా కీడా అన్న తగవంతా ఈ మధ్యలో ఉన్న యంత్రాన్ని వదిలేసి లెక్క కట్టడం వల్లే వస్తోందని నాకనిపిస్తుంది.

ఒక ఉదాహరణతో చెబుతాను. స్పాంజ్ ఐరన్ తీసుకోండి. ఇనుప ఖనిజాన్ని కరిగించకుండానే అందులోని ఆక్సిజన్‌ను తీసేస్తే వచ్చే సరుకు అది. దీని ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానం భారత్‌ది, రెండోది ఇరాన్‌ది. ఇరాన్‌లో సహజవాయువు పుష్కలం, కాబట్టి అక్కడ నిలువు షాఫ్ట్ ఫర్నేసుల్లో గ్యాస్‌తో చేస్తారు. భారత్‌లో గ్యాస్ తక్కువ, కోక్ (ఇనుము కొలిమిల్లో వాడేందుకు గాలి తగలకుండా కాల్చిన గట్టి బొగ్గు) చేయడానికి పనికిరాని బొగ్గు ఎక్కువ. అందుకని ఎక్కువ భాగం రోటరీ కిల్నుల్లో, అంటే పడుకోబెట్టి తిప్పే పొడవాటి గొట్టపు కొలిమిల్లో, బొగ్గుతోనే తయారవుతుంది. బ్రెజిల్‌లో మేలైన ఇనుప ఖనిజం ఉంది గానీ మంచి కోకింగ్ బొగ్గు లేదు. అందుకే మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో చిన్న బ్లాస్ట్ ఫర్నేసులు ఇప్పటికీ కట్టెబొగ్గుతో నడుస్తున్నాయి. ఒకప్పుడు ఆ కట్టె సహజమైన అడవి నుంచి వచ్చేది, తర్వాత ఎక్కువగా యూకలిప్టస్ తోటల నుంచి వస్తోంది.

మూడు చోట్లా తయారయ్యేది ఇనుమే. దెబ్బ మాత్రం ఒక్కో చోట ఒక్కో దాని మీద పడుతుంది. గ్యాస్ వాడిన చోట టన్నుకు కార్బన్ తక్కువ. బొగ్గు కిల్న్ ఉన్న చోట కార్బన్‌తో పాటు బూడిద, చార్ (పూర్తిగా కాలని బొగ్గు), చుట్టుపక్కల పొలాల మీద ధూళి. కట్టెబొగ్గు వాడిన చోట దెబ్బ నేల మీద, అడవి మీద, నీటి మీద. ఈ మూడు దేశాలనూ ఒకే సమీకరణంలో వేసి "సహజ వనరుల ప్రభావం" అని ఒక్క గుణకం (ప్రభావం ఎంతో చెప్పే సంఖ్య) తీస్తే అది దేన్ని చెబుతున్నట్టు?

యంత్రం వయసు చాలా ముఖ్యం. పారిశ్రామికీకరణ జరుగుతున్న దేశాల ప్రత్యేకత ఇక్కడే ఉంది. అమెరికా, యూరప్‌లలో బొగ్గు విద్యుత్ ప్లాంట్లు చాలా వరకు ముసలివైపోయాయి, అవి మూతపడేవే. ఆసియాలో బొగ్గు ప్లాంట్ల సగటు వయసు సుమారు 15 ఏళ్లు. అంటే అప్పులు ఇంకా తీరలేదు, ఆయుష్షు సగానికి పైగా మిగిలే ఉంది. పాత సబ్‌క్రిటికల్ ప్లాంట్ (ఆవిరి పీడనం, వేడి తక్కువగా ఉండేది) బొగ్గులోని వేడిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే కరెంటుగా మారుస్తుంది. మేలైన అల్ట్రా సూపర్‌క్రిటికల్ ప్లాంట్ (అవి చాలా ఎక్కువగా ఉండేది) 45 శాతం దాకా మారుస్తుంది. ఆ తేడా టెండర్ పిలిచిన రోజు తేలిపోతుంది. ఆ తర్వాత నాలాంటివాళ్లు వెళ్లి ఎంత సవరించినా వచ్చేది ఒకటి రెండు శాతమే.

నేను కళ్లారా చూసిన కేసు ఒకటుంది. ఒక స్పాంజ్ ఐరన్ ప్లాంట్‌లో కిల్న్ నుంచి 900 డిగ్రీల పైన వేడితో గ్యాస్ బయటికి వచ్చేది. దాని మీద నీళ్లు చల్లి చల్లార్చి గాలిలోకి వదిలేవారు. ఆ వేడితో బాయిలర్ పెడితే ప్లాంట్‌కు కావలసిన కరెంటు మొత్తం వచ్చి ఇంకా మిగులుతుంది. అదే ప్లాంట్ బయటినుంచి బొగ్గు కరెంటు కొంటోంది. నేను రిపోర్ట్ ఇచ్చాను, యజమాని కూడా ఒప్పుకున్నాడు. కానీ బాయిలర్ పెట్టడానికి కిల్న్ పక్కన జాగా లేదు. కట్టేటప్పుడు అక్కడ స్టోర్ షెడ్డు, ట్రాన్స్‌ఫార్మర్ యార్డ్ వేసేశారు. చివరికి చాలా దూరం డక్ట్ లాగి, షెడ్డు పడగొట్టి పెట్టేసరికి అయిదేళ్లు గడిచాయి. మొదటి డ్రాయింగ్‌లో ఖాళీ వదిలి ఉంటే ఆ అయిదేళ్ల బొగ్గు కాలేదే కాదు. ఇలాంటివి ఏ జాతీయ గణాంకంలోనూ కనిపించవు, కానీ జాతీయ గణాంకమంటే ఇలాంటి వేల డ్రాయింగుల మొత్తమే కదా.

ఇప్పుడు ధర సంగతి. వనరు సమృద్ధిగా ఉన్న చోట దాన్ని చౌకగా ఇవ్వాలని ప్రభుత్వాల మీద ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడిని నేను తప్పుపట్టను, పేదలున్న దేశం అది. కానీ చౌక ఇంధనం ఫ్యాక్టరీ లోపల ఏం చేస్తుందో చూడండి. బాయిలర్ చిమ్నీ నుంచి బయటికి పోయే పొగ ఉష్ణోగ్రత 22 డిగ్రీలు తగ్గిస్తే ఇంధనం సుమారు 1 శాతం మిగులుతుంది. దీని కోసం ఎకనామైజర్ అనే వేడి మార్పిడి యంత్రం పెట్టాలి. ఇంధనం ఖరీదైన చోట దాని ఖర్చు ఒకటి రెండేళ్లలో తిరిగి వస్తుంది. చౌకైన చోట ఆరేడేళ్లు పడుతుంది. ఆరేడేళ్లంటే ఏ యజమానీ పెట్టడు. యంత్రం అదే, భౌతికశాస్త్రం అదే, ధర ఒక్కటే మారింది. వనరు ఉండటం వల్ల వచ్చే నష్టం తక్కువ, దాని ధర నిజం చెప్పకపోవడం వల్ల వచ్చే నష్టం ఎక్కువ.

దీనికి నాకు తెలిసిన అతి బాధాకరమైన ఉదాహరణ ఇరాక్. చమురు తీసేటప్పుడు పైకొచ్చే గ్యాస్‌ను అక్కడ బావుల దగ్గరే మండించేస్తూ వచ్చారు, అదే కాలంలో విద్యుత్ కేంద్రాల కోసం ఇరాన్ నుంచి గ్యాస్ కొన్నారు. ఆ గ్యాస్‌ను పట్టి, శుద్ధి చేసి, పైపులో పంపే పరికరాలు మొదట్లోనే పెట్టకపోవడమే కారణం. ప్రపంచం మొత్తం మీద ఇలా వృథాగా మండించే గ్యాస్ 2023లో సుమారు 14,800 కోట్ల ఘనపు మీటర్లని ప్రపంచ బ్యాంకు లెక్క. అందులో పెద్ద భాగం రష్యా, ఇరాన్, ఇరాక్, అమెరికా, వెనిజులా, అల్జీరియా, లిబియా, నైజీరియా, మెక్సికో అనే తొమ్మిది దేశాలదే.

వనరుల డబ్బును దేని మీద పెట్టారన్నదీ అంతే ముఖ్యం. ఆర్థికవేత్త జాన్ హార్ట్‌విక్ 1977లో చెప్పిన సూత్రం మీకు తెలిసే ఉంటుంది: తవ్వి తీసిన సంపద మీద వచ్చే రాబడిని మళ్లీ ఉత్పత్తికి పనికొచ్చే పెట్టుబడిగా మార్చాలి. బోట్స్వానా 1994లో పూలా ఫండ్ పెట్టి వజ్రాల ఆదాయంలో కొంత దాచింది. నౌరు ద్వీపం తన ఫాస్ఫేట్ మొత్తం తవ్వించేసింది. చివరికి నిధీ మిగల్లేదు, నడిబొడ్డున నేలా మిగల్లేదు. దేశపు పొదుపులోంచి తరిగిపోయిన ఖనిజాన్ని, అడవిని తీసివేసి చూపే "సవరించిన నికర పొదుపు" అనే కొలతను ప్రపంచ బ్యాంకు ఇస్తుంది. మీ ప్రాజెక్టులో జీడీపీ పక్కన దాన్ని తప్పకుండా పెట్టండి.

ఫ్యాక్టరీ ఇంధనమంటే ముఖ్యంగా వేడి. ఇది బయటివాళ్లు తరచూ మరిచిపోయే విషయం. పరిశ్రమ వాడే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు వేడి రూపంలోనే పోతుంది: ఆవిరి, కొలిమి, కిల్న్, డ్రైయర్. ఒక బట్టల రంగుల ఫ్యాక్టరీ వాళ్లు కప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టి "మేం హరితం అయిపోయాం" అని బోర్డు పెట్టుకోవాలనుకున్నారు. లెక్కేసి చూపించాను. వాళ్ల శక్తిలో అయిదింట నాలుగు వంతులకు పైగా బాయిలర్‌లోనే కాలుతోంది. ప్యానెళ్లు తాకేది మిగిలిన భాగాన్ని మాత్రమే. అదే ఫ్యాక్టరీలో ఆవిరి చల్లబడి తయారయ్యే వేడి నీళ్లు తిరిగి బాయిలర్‌కు పోకుండా కాలువలో కలుస్తున్నాయి. బాయిలర్‌లోకి వెళ్లే ఫీడ్ నీరు ప్రతి 6 డిగ్రీలు వేడెక్కి వస్తే 1 శాతం ఇంధనం మిగులుతుంది. ఆ నీళ్లు పట్టుకుని వెనక్కి తిప్పడానికి కావలసింది ఒక ట్యాంకు, ఒక పంపు, కొంత పైపు. ప్యానెళ్లు వద్దనలేదు, రెండూ చేశారు. వాళ్లకు నేను చెప్పిన వరస మాత్రం ముందు ఆవిరి, తర్వాత కప్పు.

పునరుత్పాదక విద్యుత్ గురించి ఇంకో జాగ్రత్త. స్థాపిత సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. భారత్‌లో శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) వనరుల సామర్థ్యం 2025 జూలై నాటికి మొత్తంలో సగానికి చేరిందని ప్రభుత్వం ప్రకటించింది. అది నిజంగా పెద్ద విజయమే. కానీ సూర్యుడు రోజంతా ఉండడు కాబట్టి, ఏడాది పొడవునా తీగల్లో పారే కరెంటులో ఎక్కువ వాటా ఇంకా బొగ్గుదే. వియత్నాం 2019, 2020 రెండేళ్లలోనే దాదాపు 16 గిగావాట్ల సోలార్ పెట్టింది. అంత వేగంగా లైన్లు రాలేదు, దాంతో తయారైన కరెంటును కూడా కొన్నిసార్లు ఆపేయాల్సి వచ్చింది. మీ డేటాలో "మెగావాట్లు" ఉంటే దాన్ని "యూనిట్లు"గా మార్చుకున్నాకే వాదన కట్టండి.

నీటి సంగతి మీ ప్రశ్నలో లేదు, కానీ అది లేకుండా ఈ లెక్క పూర్తి కాదు. ఒక ఘనపు మీటరు నీటిని 100 మీటర్ల లోతు నుంచి పైకి తేవడానికి ఏ నష్టాలూ లేకపోయినా 0.27 యూనిట్ పడుతుంది. మామూలు పంపు సామర్థ్యంతో దానికి రెట్టింపు. లోతు రెట్టింపైతే కరెంటు కూడా రెట్టింపే. ఒకే ఫ్యాక్టరీకి ఎనిమిదేళ్ల తేడాతో రెండుసార్లు ఆడిట్‌కు వెళ్లాను. పంపులు మార్చారు, మోటార్లు మెరుగైనవి వేశారు, అయినా కిలోలీటరుకు ఖర్చయ్యే కరెంటు పెరిగింది. పంపు తప్పేం లేదు, భూగర్భ జలం కిందికి దిగిపోయింది. వనరు తరిగిపోతే దాన్ని తేవడానికే ఇంకా ఇంధనం కావాలి, ఆ ఇంధనం కోసం మళ్లీ బొగ్గు, ఆ బొగ్గు ప్లాంట్‌కు మళ్లీ నీళ్లు. ఇంధనం, వనరులు అని మీరు రెండు చలరాశులుగా (వేరియబుల్స్‌గా) రాసుకున్నవి నేల మీద ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతున్నాయి.

గనుల్లో ఇది మరీ స్పష్టం. రాగి ఖనిజంలో లోహం 1 శాతం నుంచి అర శాతానికి పడిపోతే, అదే టన్ను రాగికి రెట్టింపు రాయి తవ్వాలి, రెట్టింపు పిండి చేయాలి, లోహం తీశాక మిగిలే బురద రెట్టింపు నిల్వ చేయాలి. చిలీ ఉత్తరాన అటకామా ఎడారిలో నీళ్లు లేక, పెద్ద రాగి గని సముద్రపు నీటిని శుద్ధి చేసి 3,000 మీటర్లకు పైబడిన ఎత్తుకు పంపు చేసుకుంటోంది. ఘనపు మీటరు శుద్ధికి 3, 4 యూనిట్లు, ఎత్తుకు చేర్చడానికి కాగితం మీది లెక్కలోనే 8 యూనిట్లకు పైగా. నిల్వ చేసిన బురద ఎంత ప్రమాదమో బ్రెజిల్ చూసింది. 2019 జనవరిలో బ్రుమాడిన్యోలో ఇనుప గని వ్యర్థాల కట్ట తెగి 270 మంది చనిపోయారు. అలాంటి కట్టలు కట్టే పద్ధతుల్లో చౌకైనది, అంటే పాత బురద మీదే కొత్త మెట్టు వేసుకుంటూ పోయేది, అక్కడ వాడారు. అదీ మొదటి రోజు డ్రాయింగ్ నిర్ణయమే.

హరిత పరివర్తన, అంటే శుభ్రమైన ఇంధనాలకు మారడం కూడా దీనికి అతీతం కాదు. ఇండోనేషియా 2020 జనవరి నుంచి ముడి నికెల్ ఖనిజం ఎగుమతి ఆపింది. ఖనిజం అమ్ముకునే దేశంగా మిగిలిపోకూడదు, లోహం ఇక్కడే తీయాలి, ఉద్యోగాలు ఇక్కడే రావాలి అన్నది ఆలోచన. ఆ ఆలోచన న్యాయమైనదే. స్మెల్టర్లు వెల్లువలా వచ్చాయి, బ్యాటరీలకు, స్టెయిన్‌లెస్ స్టీల్‌కు నికెల్ అక్కడి నుంచే పోతోంది. కానీ సులవేసి, హల్మహేరా దీవుల్లో ఆ స్మెల్టర్ల పక్కనే సొంత బొగ్గు ప్లాంట్లు లేచాయి, ఎందుకంటే దేశంలో బొగ్గు దండిగా ఉంది, దీవికి పెద్ద గ్రిడ్ లేదు. మళ్లీ అదే కథ: పక్కనున్న వనరే యంత్రాన్ని ఎంచుకుంది.

ఇక మీ పేపర్లన్నీ ఎత్తే ప్రశ్న: దేశం సంపన్నమయ్యే కొద్దీ కాలుష్యం మొదట పెరిగి, తర్వాత తనంతట తానే తగ్గుతుందా? జీన్ గ్రాస్‌మన్, అలన్ క్రూగర్ 1991లో రాసినప్పటి నుంచీ నడుస్తున్న చర్చ ఇది. నా అనుభవంలో జవాబు కాలుష్యాన్ని బట్టి మారుతుంది. ముక్కుకు తగిలేది తగ్గుతుంది, తగలనిది తగ్గదు. బీజింగ్‌లో సన్నని ధూళి, అదే పీఎం 2.5, 2013లో సగటున ఘనపు మీటరుకు 89.5 మైక్రోగ్రాములు. 2021లో 33. ఆ మధ్య జరిగింది 2013 నాటి వాయు కాలుష్య కార్యాచరణ ప్రణాళిక: బొగ్గు బాయిలర్లు గ్యాస్‌కు మారాయి, స్టీల్ ప్లాంట్లకు ఫిల్టర్లు వచ్చాయి, కొన్ని ఫ్యాక్టరీలు ఊరు దాటాయి. అది తనంతట తాను జరిగింది కాదు. జనం అడిగారు, ప్రభుత్వం కదిలింది. అదే కాలంలో చైనా కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరిగింది. చిమ్నీకి ఫిల్టర్ పెడితే ధూళి ఆగుతుంది, కార్బన్ ఆగదు.

ఫిల్టర్ కొన్నంత మాత్రాన ధూళి ఆగుతుందనీ అనుకోవద్దు. ఒక ప్లాంట్‌లో పగటి కొలతలన్నీ చక్కగా ఉన్నాయి. రాత్రి షిఫ్ట్ కరెంటు రికార్డు చూస్తే బ్యాగ్ ఫిల్టర్ (పొగలోని ధూళిని గుడ్డ సంచులతో పట్టేది) ఫ్యాన్ తీసుకునే లోడ్ పడిపోతోంది. ఫ్యాన్ కరెంటు మిగల్చడానికి ఫిల్టర్‌ను తప్పించే బైపాస్ దారి తెరిచి పొగను నేరుగా వదిలేస్తున్నారు. ఆ పొగ ఎటు పోతుందో, దాని కింద ఎవరు నిద్రపోతున్నారో నాకు తెలుసు, నేను వచ్చిన దారి అదే. ఆ నెల ఆడిట్ రిపోర్ట్ మీద నేను సంతకం పెట్టలేదు. బైపాస్ వాల్వ్‌కు తాళం వేసి, ఫ్యాన్‌కు వేగం మార్చే డ్రైవ్ పెట్టిస్తేనే పెడతానన్నాను. ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. అవసరమైనంత వేగంతో నడిపితే బైపాస్ తెరవాలన్న ఆశ కూడా ఉండదు. పెట్టించారు.

పొదుపు విషయంలో మీరు తప్పక రాయాల్సిన మినహాయింపు ఒకటుంది. ఆవిరి యంత్రాలు మెరుగైతే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని విలియం స్టాన్లీ జెవాన్స్ 1865లోనే రాశాడు. ఒక ఫౌండ్రీలో టన్ను ఇనుము కరిగించడానికి 720 యూనిట్లు పడుతుంటే మూత పెట్టించి, స్క్రాప్ శుభ్రం చేయించి, లోడింగ్ పద్ధతి మార్చి 610కి తెచ్చాం. మిగిలిన డబ్బుతో మరుసటి ఏడాది వాళ్లు రెండో ఫర్నేస్ కొన్నారు. మొత్తం కరెంటు పెరిగింది. నేను దీన్ని ఓటమి అనను. కొత్తగా పని దొరికినవాళ్లున్నారు, ఆ ఇనుము ఎక్కడో అవసరమై ఉంది. కానీ టన్నుకు ఇంత అని లక్ష్యం పెట్టే పథకాలు, భారత్‌లో 2012లో మొదలైన పాట్ (పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్) పథకం లాంటివి, మొత్తాన్ని తగ్గిస్తాయని హామీ ఇవ్వలేవు. అవి పెరుగుదలను నెమ్మదింపజేస్తాయి. రెండింటినీ ఒకటిగా రాయకండి.

వనరే మేలు చేసిన చోటు కూడా చెప్పాలి, లేకపోతే నా జవాబు ఒక పక్కకు ఒరిగిపోతుంది. సిమెంట్ చూడండి. టన్ను క్లింకర్ (రుబ్బితే సిమెంట్ అయ్యే కాల్చిన గడ్డలు) చేసేటప్పుడు సున్నపురాయి విడిపోయి దానిలోంచే సుమారు అర టన్ను కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంధనం నుంచి వచ్చేది దీనికి అదనం. అంటే కిల్న్‌ను పూర్తిగా సౌరశక్తితో నడిపినా ఆ అర టన్ను ఆగదు. ఉన్న దారి క్లింకర్ తగ్గించడం. ఫ్లై యాష్ (బొగ్గు ప్లాంట్ల బూడిద), స్లాగ్ (ఇనుము కొలిమి చిట్టెం) కలపడం పాత పద్ధతి. స్విట్జర్లాండ్, క్యూబా, భారత్ పరిశోధకులు కలిసి అభివృద్ధి చేసిన ఎల్‌సీ3 సిమెంట్‌లో సగం వరకు క్లింకర్ స్థానంలో కాల్చిన బంకమట్టి, రుబ్బిన సున్నపురాయి వాడతారు, కార్బన్ 40 శాతం దాకా తగ్గుతుంది. దానికి కావలసిన రకం మట్టి ఉష్ణమండల దేశాల్లో, అంటే ఇప్పుడు ఇళ్లూ రోడ్లూ కడుతున్న దేశాల్లోనే, విస్తారంగా ఉంది. కోస్టారికాకు నదులూ కొండలూ వానా ఉన్నాయి. దాని విద్యుత్ దాదాపు అంతా పునరుత్పాదక వనరులదే. 1996 అటవీ చట్టంతో అడవిని కాపాడే భూయజమానులకు డబ్బు చెల్లించడం మొదలుపెట్టి, పోగొట్టుకున్న అడవిని చాలావరకు తిరిగి తెచ్చుకుంది.

బయటి నుంచి వచ్చే ఒత్తిడి కూడా ఇప్పుడు కొత్త యంత్రాల ఎంపికను మారుస్తోంది. దిగుమతి సరుకు తయారీలో వెలువడ్డ కార్బన్‌కు రుసుము వేసే యూరోపియన్ యూనియన్ సరిహద్దు కార్బన్ విధానం 2023 అక్టోబర్‌లో నివేదికలతో మొదలై 2026 జనవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. స్టీల్, అల్యూమినియం, సిమెంట్, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్ దాని కిందికి వస్తాయి. ఇన్నేళ్లు నేను బతిమాలినా పెట్టని మీటర్లు ఇప్పుడు ఎగుమతిదారులు తామే అడిగి పెట్టించుకుంటున్నారు. కానీ అందులో అన్యాయం కూడా ఉంది. వందేళ్లు బొగ్గు కాల్చి ఎదిగిన దేశాలు ఇప్పుడు ఎదుగుతున్నవాళ్ల దగ్గర వసూలు చేయడం ఎంతవరకు సబబు? ఆ డబ్బు ఈ ఎదుగుతున్న దేశాల్లో కొత్త కొలిమిలకు తిరిగి వస్తే నేను ఒప్పుకుంటాను. ప్రపంచంలో ఇంకా 200 కోట్ల మందికి పైగా కట్టెలు, పిడకలు, బొగ్గు పొగలోనే వంట చేసుకుంటున్నారు. వాళ్లకు ఇంధన వాడకం పెరగాలి, పెరిగి తీరాలి. "ఇంధన వినియోగం పెరగడం చెడు" అని ఏ పేపర్ తీర్మానించినా ఆ పొయ్యి ముందు కూర్చున్న మనిషిని తలుచుకుని చదవండి.

ఆ మాట ఎలాగూ వచ్చింది కాబట్టి, మీ డేటాలో ఉన్న మూడు గోతులు చెబుతాను. పేపర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండటానికి చాలావరకు ఇవే కారణం.

మొదటిది, ప్రపంచ బ్యాంకు ఇచ్చే "పునరుత్పాదక ఇంధన వాటా"లో వంట కట్టెలు కూడా ఉంటాయి. అందుకే కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, ఇథియోపియా లాంటి దేశాలకు ఆ వాటా 90 శాతం దరిదాపుల్లో కనిపిస్తుంది. అక్కడ కట్టెలతో వండే ఇల్లాలికి గ్యాస్ పొయ్యి వస్తే మీ పట్టికలో "పునరుత్పాదక వాటా" తగ్గుతుంది. ఊపిరి బాగుపడింది, చెట్టు మిగిలింది, మీ గుణకం మాత్రం తప్పు చెబుతుంది. కాబట్టి ఆధునిక పునరుత్పాదక విద్యుత్‌ను విడిగా తీసుకోండి.

రెండోది, "సహజ వనరుల రాబడి" అన్న చలరాశి జీడీపీలో శాతం. 2014 రెండో సగంలో చమురు ధర కుప్పకూలినప్పుడు చమురు దేశాల్లో ఆ శాతం ఒక్కసారిగా పడిపోయింది. ఒక్క బావి కూడా మూతపడకపోయినా పడిపోయింది. అది ధరను కొలుస్తోంది, తవ్వకాన్ని కాదు. టన్నుల్లో తవ్వకం లెక్కలు కావాలంటే ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం వారి అంతర్జాతీయ వనరుల ప్యానెల్ డేటా చూడండి. ప్రపంచం 1970లో 3,000 కోట్ల టన్నుల పదార్థాలు తీసేది, ఇప్పుడు 10,000 కోట్ల టన్నులు దాటింది.

మూడోది, పర్యావరణ పాదముద్రను (మనుషుల వాడకానికి ఎంత నేల, నీరు కావాలో చూపే కొలతను) ఫలితంగా పెట్టుకుంటే, అందులో సగానికి పైగా కార్బన్ భాగమే. ఆ కార్బన్ ఇంధనం కాల్చడం నుంచి వస్తుంది. ఇంధన వినియోగంతో దాన్ని వివరిస్తే ఒకే వస్తువును రెండు పేర్లతో పిలిచినట్టే. సంబంధం బలంగా వస్తుంది, కొత్తగా తెలిసేదేమీ ఉండదు. బదులుగా నీటిని, ధూళిని, నేలను విడివిడిగా ఫలితాలుగా పెట్టండి.

నా సలహా అడిగితే, ఇరవై దేశాల పెద్ద పట్టిక కంటే మూడు దేశాలు, ఒకే పరిశ్రమ తీసుకోమంటాను. జపాన్ ఆర్థికవేత్త యోయిచి కాయా చూపినట్టు ఉద్గారాలను జనాభా, తలసరి ఆదాయం, ఆదాయానికి పట్టే ఇంధనం, ఇంధనంలోని కార్బన్ అని నాలుగుగా విడగొట్టండి. తర్వాత నేను చెప్పిన అయిదోది, అంటే ఆ పరిశ్రమలోని కొలిమిల సగటు వయసు, రకం, పక్కన రాసుకోండి. స్పాంజ్ ఐరన్‌తో మొదలుపెడితే ప్లాంట్ల వారీగా రకం, మొదలైన సంవత్సరం బహిరంగంగానే దొరుకుతాయి. మీరు ఏ మూడు దేశాలు ఎంచుకుంటారో రాస్తే, అక్కడి కిల్నులకూ షాఫ్ట్ ఫర్నేసులకూ టన్నుకు ఎంత ఇంధనం సహజమో నా దగ్గరున్న లెక్కలు సరిచూసి పెడతాను.